కెటూరా కుడిచెయ్యి

ఇంగ్లండులో మా పింగాణీ పనివాళ్ళ ఊరు బర్స్లెమ్‌లో కుంచె పట్టి బతికే ఆడవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్ళందరిలో అడవి గులాబీ ముల్లును వెంట్రుకంత సన్నగా, ఎక్కడా వణుకు లేకుండా దించగలిగిన మనిషి కెటూరా బోర్న్ ఒక్కతే. ఇది స్నేహం కొద్దీ చెబుతున్న మాట కాదు. నా పేరు డోర్కస్. ఆవంలో కాలి మసకగా వచ్చిన బంగారు అంచుల్ని రాయితో రుద్ది మెరిపించే పని నాది, పార్జిటర్ గారి పింగాణీ కార్ఖానాలో. పళ్ళెం ఎవరు గీసినా చివరికి నా ఒళ్ళోకి రావలసిందే. మెచ్చుకోలు మాట నా నోట పలకడం ఎంత అరుదో మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. అలాంటి నేను చెబుతున్నాను, నమ్మండి.

ఆ ముల్లును ఆమె చెయ్యి గాల్లో నిలిపి గీసేది. మగవాళ్ళు అలా గీయరు. వాళ్ళకు చేతిపీట ఉంటుంది. చేతిపీట అంటే పెద్ద యంత్రం అనుకునేరు, జానెడు చెక్కముక్క, దానికి రెండు పొట్టి కాళ్ళు. బల్లమీద పెట్టుకుని, మణికట్టు దానికి ఆనించి కుంచె నడిపితే పొద్దుగూకేదాకా చెయ్యి పట్టు తప్పదు. మా కార్ఖానాలో పైగదిలో కూర్చునే మగ చిత్రకారులందరికీ తలా ఒకటి ఉంది. కింది గదిలో కూర్చునే ఆడవాళ్ళు దాన్ని వాడకూడదు. అలాగని చట్టం లేదు, యజమాని పెట్టిన షరతూ కాదు. మగవాళ్ళ సంఘం తాతలనాడు పెట్టుకున్న కట్టుబాటు. ఏ ఆడదాని బల్లమీదైనా చేతిపీట కనిపిస్తే పైగది మొత్తం కుంచెలు కింద పడేసి వీధిలోకి వచ్చేస్తుంది.

వాళ్ళ వాదన ఇదీ: ఆడదానికి చేతిపీట ఇస్తే మగవాడితో సమానంగా గీస్తుంది, సమానంగా గీస్తే యజమాని ఆ పనంతా సగం కూలికి ఆమె చేతే చేయించుకుంటాడు, మగవాడి నోట్లో మట్టి కొడతాడు. ఆ వాదనలో అబద్ధం లేదు, యజమానులు అలాంటివాళ్ళే. మరి ఆడవాళ్ళకు సగం కూలి ఎందుకయ్యా అని యజమానిని అడిగితే, వాళ్ళ చేతికి నిలకడ ఉండదు కదా అంటాడు. అలా యజమానీ, మగ పనివాళ్ళూ ఇద్దరూ కలిసి మమ్మల్నే తొక్కారు. దేశాన్ని ఏలేది ఆడమనిషి, ఆవిడ కిరీటం బొమ్మను పళ్ళాల మీద మా కింది గదిలోనే గీసేవాళ్ళు. చేతులు గాల్లో పెట్టుకునే గీసేవాళ్ళు.

కెటూరా తండ్రి మట్టిదుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. తల్లి పూతగదిలో పనిచేసేది. పూతగది అంటే కాల్చిన పాత్రల్ని సీసం కలిపిన తెల్లటి నీళ్ళలో ముంచి తీసే చోటు. అక్కడికి వెళ్ళిన ఆడవాళ్ళకు ముందు చిగుళ్ళు నీలమవుతాయి, తర్వాత కడుపునొప్పి మెలిపెడుతుంది, ఆ తర్వాత చేతులు పడిపోతాయి. ఇది మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలిసీ వెళతారు, పొయ్యి వెలగాలి కాబట్టి. ఆ తల్లి తనకు ఒంట్లో శక్తి ఉండగానే కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా కింది గదిలో బల్ల ముందు కూర్చోబెట్టింది. "ఆకలితో చావు గానీ, నా గది గుమ్మం మాత్రం తొక్కకే" అని అందరి ముందూ చెప్పి వెళ్ళింది. కెటూరాకు అప్పుడు పాలపళ్ళు పూర్తిగా ఊడలేదు.

బల్ల చివర కూర్చునే ఒక ముసలావిడ ఆమెకు పని నేర్పింది. మోచేయి పక్కటెముకలకు ఆనించుకోవాలి. ఊపిరి పీల్చి, బిగబట్టి, గీత లాగాలి. "ఊపిరికీ ఊపిరికీ మధ్యన ఉన్నదే నీ కూడు" అనేది ఆవిడ. ఆ బిగబట్టడం కెటూరాకు ఎంత అలవాటైందంటే, మందిరంలో కీర్తన పాడేటప్పుడు కూడా చరణం మధ్యలో ఆగిపోయి, అందరూ అయిపోయాక ఒక్క ముక్క గట్టిగా పాడేది. పాస్టరు కళ్ళద్దాల మీదనుంచి చూసేవాడు. మేం శాలువాలు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళం.

పైగదిలో బంగారు అంచులు వేసే జేబెజ్ బోర్న్ ఆమెను ఇష్టపడ్డాడు. టర్పెంటైన్ నూనె అయిపోయిందని రోజూ కిందికి దిగివచ్చేవాడు. పైగదిలో నూనె పీపాడు ఉందని మాకు తెలుసు. మెత్తటి మనిషి, మెల్లగా మాట్లాడతాడు, తాగడు. పెళ్ళి కుదిరిందని తెలిసిన రోజు బల్ల చుట్టూ ఒకటే గోల.

"ఏమే కెటూరా, పైగదివాణ్ణి కట్టుకుంటున్నావు, చేతిపీట కూడా తెచ్చిపెడతాడేమో అడుగు!"

"రాత్రిళ్ళు తలకింద పెట్టుకుని పడుకోమంటాడు, పగలు మాత్రం ముట్టుకోనివ్వడు."

కెటూరా కుంచె కడుక్కుంటూ, "మీ మొగుళ్ళకు అది కూడా లేదుగా, ఏడవకండి" అంది. నవ్వి నవ్వి ఒకావిడ రంగు గిన్నె ఒలకబోసింది. దాని ఖరీదు కూలిలోంచి పట్టుకున్నారు.

వాళ్ళ కాపురం బాగానే సాగింది. జేబెజ్‌ను చెడ్డవాడు అందామంటే నాకు నోరు రాదు. అదే నా బాధ. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ముగ్గురు పిల్లలు పుడితే లోయిస్ అనే పిల్ల ఒక్కతే దక్కింది. ఇద్దరు పోయినప్పుడూ చిన్న శవపెట్టెను అతనే మోశాడు, ఇంకొకర్ని ముట్టుకోనివ్వలేదు. రోజూ పని దిగి ఇంటికి రాగానే బాతుకొవ్వులో ఆవపొడి కలిపి వెచ్చచేసి, భార్య కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని భుజం నుంచి వేళ్ళదాకా రుద్దేవాడు. మా వీధిలో మొగుడు పెళ్ళాం ఒంటిమీద చెయ్యి వేస్తే దేనికో అందరికీ తెలుసు. ఇలా రుద్దడానికి వేసేవాణ్ణి ఇతన్నొక్కణ్ణే చూశాను.

రుద్దవలసిన అవసరం ఎందుకొచ్చిందో చెప్తాను. పిల్లలు పోయిన తర్వాత ఏడాదికో రెండేళ్ళకో ఆ చెయ్యి తిరగబడటం మొదలుపెట్టింది. ముందు భుజంలో మంట. తర్వాత సాయంత్రాలు వేళ్ళు కొంకర్లు పోయి తెరుచుకునేవి కావు. ఒకరోజు టీ కప్పు ఎత్తితే సాసరు మీద టకటకలాడింది. ఆమె గబుక్కున ఎడంచేతికి మార్చుకుని, నేను చూశానా లేదా అని చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించాను. అప్పటినుంచి ముళ్ళు, కేసరాలు లాంటి సన్నపనంతా పొద్దున్నే చెయ్యి అలసిపోకముందే ముగించేసి, మధ్యాహ్నం ఆకులు, రేకులు నింపుకునేది. ఎన్నాళ్ళు దాస్తుంది? సన్నపని పోతే ముతకపని, ముతకపని కూడా పోతే ఇక ఆ కార్ఖానాలో ఆడదానికి మిగిలేది పూతగదే.

చేతిపీట ఉంటే ఆ చెయ్యి ఇంకా ఎన్నో ఏళ్ళు నడిచేది. చేతిపీట లేకపోతే పోయేది. ఇందులో వేరే రహస్యం ఏమీ లేదు. ఆమెకూ తెలుసు, జేబెజ్‌కూ తెలుసు, ఆ చెయ్యి రుద్దుతూ ఇద్దరూ ఆ మాట ఎత్తకుండా పిల్ల గురించో, బొగ్గు ధర గురించో మాట్లాడుకునేవాళ్ళు.

అలా ఉండగా నవంబరులో, ఏడాది కూలి ఒప్పందాలు కుదుర్చుకునే రోజుల్లో, మగవాళ్ళు సమ్మె కట్టారు. మా ఊళ్ళో ఒక పాత పద్ధతి ఉంది. పళ్ళెం గీసినందుకు కూలి ఇవ్వరు, అది ఆవంలోంచి బాగా బయటపడితేనే ఇస్తారు. కాల్చేవాడు తాగి పడుకుని పళ్ళెం పగిలినా, నష్టం గీసినవాడిదే. అది తీసేయాలని పైగది మొత్తం బయటికి నడిచింది. న్యాయమైన కోరికే. మేం కింది గదిలో పనిచేస్తూనే, మా కూలితో మా ఇంటి పొయ్యే కాక సమ్మెలో ఉన్న ఇంకో ఇంటి పొయ్యీ వెలిగించాం. కెటూరా అయితే ఇంకో ఇద్దరి పని అదనంగా నెత్తినేసుకుంది. మిగిలిన ఆ కాస్త చేతి సత్తువనూ మగవాళ్ళ సమ్మెకే పోసింది.

మంచు పడటం మొదలైన వారంలో పార్జిటర్ గారు స్వయంగా మా గదికి వచ్చారు. వెనకాల మేస్త్రీ ఒక పెట్టె మోసుకొచ్చి బల్లమీద బోర్లించాడు. అన్నీ చేతిపీటలు. కొత్త చెక్క వాసన గదంతా నిండింది.

"మీకు జరుగుతున్న అన్యాయం నాకు తెలుసమ్మా" అన్నారు పార్జిటర్ గారు, టోపీ తీసి మరీ. "సోమవారం నుంచి పైగది మీది. తలా ఒక పీట తీసుకోండి. మగవాళ్ళకిచ్చే దాంట్లో మూడింట రెండు వంతులు ఇస్తాను. మిసెస్ బోర్న్, కిటికీ పక్క చోటు మీకే."

ఒక్కరూ కదల్లేదు. కెటూరా ఒక పీటను దగ్గరికి లాక్కుంది. మణికట్టు దానిమీద పెట్టింది. కుంచెకు రంగు లేదు, ఉత్త కుంచెతోనే బల్లమీద ఒక ముల్లు గీసింది, ఇంకోటి గీసింది. బిగబట్టకుండా, మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఆమె గీయడం చూడటం నాకు అదే మొదటిసారి. ఆ తర్వాత చెయ్యి తీసేసింది.

"రేపు చెప్తామండి" అంది.

ఆ సాయంత్రానికే కబురు ఊరంతా పాకింది. నేను వెళ్ళేసరికి కెటూరా వంటింట్లో పైగది మగవాళ్ళ సంఘానికి పెద్ద, ఏమస్ బిడల్ఫ్ కూర్చుని ఉన్నాడు. మందిరంలో ప్రసంగాలు చేసే మనిషి, గొంతు పెద్దది, గడ్డం ఇంకా పెద్దది. జేబెజ్ పొయ్యి దగ్గర నిలబడి నిప్పులు కెలుకుతున్నాడు.

"నువ్వు పైకి వెళ్ళావంటే మిగతా ఆడవాళ్ళందరూ నీ వెనకాలే వస్తారమ్మా" అన్నాడు ఏమస్. "మేం అయిపోయినట్టే. నీ మొగుడు కూడా అయిపోయినట్టే."

"తెలుసు" అంది కెటూరా.

"తెలిస్తే ఇంకేం? వెళ్ళనని చెప్పు."

"వెళ్ళను. కానీ మీరు గెలిచాక మాకు చేతిపీట వాడుకోనివ్వాలి. కూలి పెంచమని అడగట్లేదు. మీ చోటు అడగట్లేదు. మా గదిలోనే, మా బల్లమీదే, ఆ చెక్కముక్క పెట్టుకోనివ్వండి చాలు."

ఏమస్ గడ్డం దువ్వుకున్నాడు. "సంఘం ముందు పెడతాం. మాట ఇస్తున్నాను."

"నేను లేచి చెప్తాను కెటూరా" అన్నాడు జేబెజ్. నిప్పుల పటకారు ఇంకా చేతిలోనే ఉంది. "నా నోటితో నేనే చెప్తాను."

ఏమస్ వెళ్ళాక నాకు ఒళ్ళు మండింది. "పిచ్చిదానా, రేపే వెళ్ళి ఆ పీటమీద చెయ్యి పెట్టు. తర్వాతి సంగతి తర్వాత. వాళ్ళ పని గడిచాక నీ ముఖం చూస్తారనుకుంటున్నావా?" అన్నాను, జేబెజ్ వింటుండగానే.

"నా మొగుడి కూటిలో మన్ను పోసి నా చెయ్యి బాగుచేసుకోమంటావా?"

"వాళ్ళు ఇన్నాళ్ళూ చేసిందేమిటే మరి?"

"వాళ్ళు చేశారని నేనూ చెయ్యనా?" అంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆమె పరిస్థితి అది. అయినా మొగుడు మాట ఇచ్చాడని ఆ రాత్రి ఆమె ముఖంలో ఒక వెలుగు ఉంది. దాన్ని నేను ఆర్పలేకపోయాను.

మర్నాడు మేమందరం ఆ పీటల్ని తిరిగి పెట్టెలో వేసేశాం. కొంతమంది ఏడ్చారు. ఒక పిల్ల ఒకటి శాలువా కింద దాచుకోబోతే కెటూరాయే వెనక్కి పెట్టించింది. శీతాకాలమంతా ఎముకలు ఉడకబెట్టిన నీళ్ళు, ఓట్స్ రొట్టెలతో నెట్టుకొచ్చాం. చలికి వేళ్ళు కర్రలైన ఆ నెలల్లో, అదనపు పళ్ళాలు గీసి గీసి, కెటూరా చెయ్యి బాగా పాడైంది. కొవ్వు రుద్దేటప్పుడు జేబెజ్ వేళ్ళ కింద నరాలు తాళ్ళలా కదిలేవని అతనే నాతో అన్నాడు. "ఇంకొంచెం ఓర్చుకో, ఇంకొంచెం" అనేవాడు ఆమెతో.

ఫిబ్రవరిలో పార్జిటర్ గారు దిగివచ్చారు. మగవాళ్ళు గెలిచారు. మందిరం పక్కన బడిగదిలో పెద్ద విందు పెట్టారు. పంది మాంసం, ఎండుద్రాక్ష రొట్టె, అడిగినంత టీ. ఏమస్ లేచి, మా ఆడవాళ్ళ త్యాగం లేకపోతే ఈ గెలుపు లేదని, వాళ్ళు మా ఇళ్ళలో దీపాలని, ఒక అరగంట చెప్పాడు. మగవాళ్ళందరూ లేచి నిలబడి మాకోసం కీర్తన పాడారు. కెటూరా పక్కన కూర్చుని నేను మూడో రొట్టెముక్క తిన్నాను. నాకు తెలుసు, మాకు దక్కేది అదేనని.

తర్వాతి శనివారం సంఘం కూడింది. కూడేది మా పిన్ని నడిపే బీరు దుకాణం మేడమీద. శనివారాలు నేను పిన్నికి సాయం చేస్తాను, పైకి జగ్గులు మోస్తాను. కాబట్టి ఇది ఒకరు చెబితే విన్నది కాదు, నేను కళ్ళారా చూసింది.

అన్ని సంగతులూ అయ్యాక జేబెజ్ లేచాడు. టోపీ చేతిలో తిప్పుతున్నాడు. "ఆ ఆడవాళ్ళ విషయం..." అన్నాడు.

"ఏ ఆడవాళ్ళు? మీ ఆవిడేనా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

"చేతిపీట... ఊరికే... వాళ్ళ గదిలోనే..."

"ఇవాళ చేతిపీట అడుగుతారు, రేపు మీసాలు అడుగుతారు!"

"జేబెజ్, ఇంట్లో కొవ్వు నువ్వు రుద్దుతావట కదా? వంట కూడా నీదేనా?"

గది పగిలిపోయేలా నవ్వారు. జేబెజ్ చెవులు ఎర్రబడ్డాయి. అతనూ కొంచెం నవ్వాడు. ఆ నవ్వును నేను ఈ జన్మకు మరిచిపోను. నవ్వుతూనే కూర్చుండిపోయాడు.

ఏమస్ బల్ల తట్టాడు. "సంఘం ముందు పెడతామని మాట ఇచ్చాం, పెట్టాం. మాట నిలబెట్టుకున్నాం. పాత కట్టుబాటు ఉన్నది ఉన్నట్టే ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి."

ఎత్తారు. జేబెజ్ చెయ్యీ లేచింది. అందరితో పాటే లేచింది.

ఏరు దాటాక తెప్ప తగలేశారు. నేను బీరు జగ్గు అక్కడే నేలమీద పెట్టేసి, శాలువా కూడా వేసుకోకుండా కెటూరా ఇంటికి నడిచాను. ఆమె పెనంమీద ఓట్స్ రొట్టె పోస్తోంది. నన్ను చూడగానే అర్థమైంది.

"అందరూనా?" అంది.

"అందరూ."

"జేబెజ్ కూడానా?"

"జేబెజ్ కూడా."

రొట్టె మాడిపోతోంది. ఆమె దాన్ని తిరగెయ్యలేదు, నేనే పెనం దించాను. ఇంతలో జేబెజ్ వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగాడు. వెళ్ళి బాతుకొవ్వు సీసా తీసి పొయ్యి దగ్గర పెట్టాడు. కాసేపాగి, వెచ్చబడిన సీసా పట్టుకుని ఆమె పక్కన మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"వద్దు" అంది కెటూరా.

"కెటూరా, ఒక్కణ్ణి ఏం చేసేది? అందరూ నవ్వుతుంటే..."

"ఆ చేత్తో నన్ను ముట్టుకోకు."

గొంతు పెంచి కూడా అనలేదు. లోయిస్ మూలన కూర్చుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. నేను ఆ పిల్లను తీసుకుని మా ఇంటికి వచ్చేశాను.

వసంతం వచ్చేసరికి కెటూరా చెయ్యి కుంచెను పట్టడం మానేసింది. ముల్లు కాదు, ఆకు కూడా రాలేదు. మేస్త్రీ మర్యాదగానే చెప్పాడు, ఆ చోటుకు ఇంకొకర్ని చూసుకుంటున్నామని. అందరం ఆమె ఇక ఇంటిపట్టున ఉంటుందనుకున్నాం. జేబెజ్ ఇప్పుడు పూర్తి కూలి తెస్తున్నాడు కదా. ఆమె మర్నాడే వెళ్ళి పూతగదిలో పేరు ఇచ్చి వచ్చింది. అక్కడ సన్నపని ఉండదు. తెల్లనీళ్ళలోంచి తీసిన పాత్రల్ని పలకలమీద సర్ది, ఎండాక అంచులు గుడ్డతో తుడిస్తే చాలు. వంకరపోయిన చెయ్యి అయినా సరిపోతుంది.

జేబెజ్ వీధిలో అందరూ చూస్తుండగా ఆమె శాలువా పట్టుకుని బతిమాలాడు. "మీ అమ్మ సంగతి మరిచిపోయావా? నేను తెస్తున్నాను కదే. నీకేం తక్కువ? ఇంట్లో కూర్చో."

"నువ్వు ఆ చేత్తో తెచ్చిన కూడు నాకు గొంతు దిగదు" అంది కెటూరా. "సీసం నయం. అది ఏం చేస్తుందో ముందే చెప్పి మరీ చేస్తుంది."

నేను కూడా అడ్డం పడ్డాను. తిట్టాను, కాళ్ళు పట్టుకోబోయాను. పంతానికి పోయి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నావే, నువ్వు చస్తే ఆ మీసాలకు ఏం నష్టం అన్నాను. వినలేదు. ఆమె చేసింది తెలివైన పని అని నేను ఇప్పటికీ అనను. కానీ ఆడదానికి అలిగి వెళ్ళడానికి ఈ ఊళ్ళో ఇంకో చోటు చూపించండి, చూద్దాం.

లోయిస్‌కు తల్లి చెయ్యి వచ్చింది. బొగ్గుముక్కతో గోడమీద పువ్వు వేస్తే మనిషన్నవాడు ఆగి చూసేవాడు. కెటూరా ఆ పిల్లను కుంచె ముట్టనివ్వలేదు. పక్క ఊళ్ళో లాయరుగారింట్లో గిన్నెలు తోమే పనికి పంపేసింది. వెళ్ళే రోజు పిల్ల, "ఒక్క ఏడాది బల్ల దగ్గర కూర్చోనివ్వమ్మా" అని ఏడ్చింది. "గిన్నెలు తోముకుని బతుకు. అది ఎవరూ నీ దగ్గర లాక్కోరు" అంది తల్లి.

మూడో ఏడు తిరక్కుండానే చిగుళ్ళమీద నీలం గీత వచ్చింది. కడుపునొప్పి వచ్చింది. ఆ తర్వాత ఒక ఉదయం రెండు చేతులూ మణికట్ల దగ్గర వేలాడిపోయాయి. ఎత్తితే లేవవు, పట్టుకుంటే పట్టవు. జేబెజ్ పైగదిలో సగం రోజే పనిచేసి ఇంటికి వచ్చి, ఆమెకు ముఖం కడిగి, జుట్టు దువ్వి, చెంచాతో తాగించేవాడు. ముట్టుకోవద్దనడానికి ఇప్పుడు ఆమెకు శక్తి లేదు. ఊరు ఊరంతా జేబెజ్‌ను మెచ్చుకుంది. ఇలాంటి మొగుడు ఎక్కడ దొరుకుతాడమ్మా అనేవాళ్ళు నాతోనే. నేను నోరు నొక్కుకుని నా దారిన పోయేదాన్ని.

ఆఖరి రోజుల్లో ఒక ఆదివారం మందిరం నుంచి తిన్నగా వాళ్ళింటికే వెళ్ళాను. మంచం వంటింట్లోకి, పొయ్యి దగ్గరికి తెచ్చారు. జేబెజ్ రొట్టె టీలో నానబెట్టి తినిపిస్తున్నాడు. కెటూరాకు చూపు కూడా మందగించింది, కానీ మాట స్పష్టంగానే ఉంది. నా అడుగు చప్పుడు గుర్తుపట్టి, కూర్చోమన్నట్టు తల ఊపింది.

"జేబెజ్" అంది. "ఒకటి అడుగుతాను, చెప్తావా?"

"అడుగు."

"ఆ రోజు సంఘంలో చెయ్యి ఎత్తావు కదా. వెంటనే ఎత్తావా, ఆలోచించుకుని ఎత్తావా?"

చెంచా గాల్లో ఆగింది. ఇన్నేళ్ళలో వాళ్ళ మధ్య ఆ మాట మళ్ళీ రాలేదు.

"ఆలోచించే... అందరికంటే ఆఖర్న ఎత్తాను కెటూరా. ఎత్తబుద్ధి కాలేదు. దేవుడి సాక్షిగా చెప్తున్నా, అందరి చేతులూ లేచాక, ఇక తప్పక..."

ఆమె ముఖం నావైపు తిప్పింది. ఆ గదిలో జగ్గు పట్టుకుని నిలబడ్డది నేనేనని ఆమెకు తెలుసు.

ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేది? పోయే ప్రాణానికి కాస్త చల్లదనం. పాస్టరు కూడా తప్పు పట్టడు. ఆ అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమెతో అందరూ మంచిగానే మాట్లాడారు. యజమాని టోపీ తీసి మాట్లాడాడు, ఏమస్ దీపాలన్నాడు, మొగుడు నా నోటితో చెప్తానన్నాడు. వాళ్ళ వరసలో నేను కూడా చేరలేకపోయాను.

"అందరితో పాటే ఎత్తాడే" అన్నాను.

జేబెజ్ తల దించుకున్నాడు. పొయ్యిలో బొగ్గు జారి చప్పుడైంది. కెటూరా కళ్ళు మూసుకుంది.

"అదే అనుకున్నా" అంది. తర్వాతి చెంచా కోసం నోరు తెరిచింది.

జేబెజ్ టీ పోశాడు. బంగారు అంచులు వేసే ఆ చెయ్యి ఎంతగా వణికిందంటే, టీ అంతా ఆమె గడ్డం మీదుగా మెడలోకి కారింది. ఆమె తుడుచుకోలేదు కదా, నేనే లేచి నా శాలువా కొంగుతో తుడిచాను.